కందపద్యం లెక్క, పొద్దుతిరుగుడు కోణం, అద్దాల పొలం

కర్నూలు జిల్లా ఓర్వకల్లు ప్రాంతంలోని సోలార్ పార్కు 1000 మెగావాట్లది. దానికి పట్టిన భూమి 5,900 ఎకరాల పైమాటే. బొగ్గు వద్దు, ఎండతోనే కరెంటు చేసుకుందాం అనుకున్న ప్రతిచోటా మొదట తగిలే చిక్కు ఇదే, నేల చాలా కావాలి. అందుకే 2012లో, ఒక సోలార్ కేంద్రంలో అద్దాలను పొద్దుతిరుగుడు పువ్వులో గింజలు ఉన్నట్టు అమరిస్తే దాదాపు 16 శాతం స్థలం మిగులుతుందని ఒక లెక్క బయటికి వచ్చినప్పుడు చాలామంది ఎగిరి గంతేశారు. ఆ లెక్క నిజమే కానీ, అది ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి, అదీ సైన్స్ ల్యాబ్‌లోకి కాదు, మన తెలుగు క్లాసులోకి.

కందపద్యానికి వాడే గణాలు గుర్తున్నాయా? గగ, భ, జ, స, నల. ఐదే. ఆరోది ఎందుకు లేదని స్కూల్లో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు, బట్టీ పట్టేశాం. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. నాలుగు మాత్రలను ఈ రెండింటితో ఎన్ని రకాలుగా నింపొచ్చో కాగితం మీద రాసి చూడండి, సరిగ్గా ఐదు వస్తాయి, అవే ఈ ఐదు గణాలు. మూడు మాత్రలకైతే మూడు రకాలు (గల, లగ, న), రెండు మాత్రలకు రెండు, ఒక మాత్రకు ఒకటి. మరి ఐదు మాత్రలకు? చివర లఘువు ఉంటే దాని ముందు నాలుగు మాత్రలు ఉండాలి, అవి ఐదు రకాలు. చివర గురువు ఉంటే ముందు మూడు మాత్రలు, అవి మూడు రకాలు. మొత్తం ఎనిమిది. అంటే ప్రతి సంఖ్యా దాని ముందున్న రెండింటి మొత్తం, 1, 2, 3, 5, 8, 13, 21, 34, ఇలా పోతూనే ఉంటుంది.

ఈ సూత్రాన్ని ప్రాకృత ఛందస్సు రాసిన విరహాంకుడు క్రీ.శ. 600–800 మధ్య ఎప్పుడో చెప్పాడు. గుజరాత్‌లో హేమచంద్రుడు 1150 ప్రాంతంలో మళ్లీ చెప్పాడు. ఇటలీలో ఫిబొనాచీ కుందేళ్ల జంటల లెక్కగా దీన్ని రాసింది 1202లో, దానికి ఆయన పేరు స్థిరపడింది 19వ శతాబ్దంలో. ‘చూశారా, అన్నీ మనవే’ అని ఊగిపోవడానికి ఇది చెప్పడం లేదు, ఎందుకంటే మన ఛందస్సువాళ్లు మొక్కల వైపు చూడలేదు, వాళ్లకు కావలసింది పద్యం. మొక్కలకీ ఈ అంకెలకీ సంబంధం ఉందని 1611లో ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్ రాశాడు, అదీ మంచు రేకుల మీద రాసిన చిన్న పుస్తకంలో. ఆ తర్వాత 1837లో ఫ్రాన్స్‌లో బ్రావే సోదరులు ఆకుల అమరికను కోణాల్లో కొలిచి ఒక సంఖ్య దగ్గర ఆగారు, 137.5 డిగ్రీలు.

అసలు మజా ఇక్కడే ఉంది. కొమ్మ చివర కొత్త మొగ్గ పుట్టినప్పుడల్లా కిందటిదాని నుంచి ఒకే కోణం తిరిగి పుడుతుందనుకోండి. ఆ కోణం 90 డిగ్రీలైతే ఐదోది మొదటిదాని వెనకే వచ్చి పడుతుంది, పువ్వంతా నాలుగు గీతలై మధ్యలో ఖాళీలు మిగులుతాయి. 120 అయితే మూడు గీతలు. చుట్టును ఏ చిన్న భిన్నంగా కోసినా ఇదే గొడవ. ఏ భిన్నానికీ తేలిగ్గా దొరకని కోణం 137.5, అందుకే ఎన్ని గింజలు వచ్చినా ఒకదాని వెనక ఇంకోటి సరిగ్గా నిలబడదు. పొద్దుతిరుగుడు పువ్వు తీసుకుని కుడి వైపు తిరిగే వరసలు, ఎడమ వైపు తిరిగే వరసలు లెక్కపెడితే తరచుగా 34, 55 గానీ 55, 89 గానీ వస్తాయి, అంటే మళ్లీ ఆ మాత్రల లెక్కే. ప్రతి పువ్వులోనూ కాదు. ఇంగ్లాండ్‌లో జనం పెంచి పంపిన 657 పువ్వులను లెక్కపెట్టి 2016లో ఫలితాలు ప్రచురిస్తే, ఎక్కువ పువ్వుల్లో ఇవే వచ్చాయి గానీ వేరే అంకెలు వచ్చినవీ ఉన్నాయి.

మొక్కకు ఈ లెక్క ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పనక్కర్లేదని 1992లో పారిస్‌లో దువాడీ, కూడర్ అనే ఇద్దరు భౌతికశాస్త్రజ్ఞులు చూపించారు. నూనె పోసిన పళ్లెం మధ్యలో అయస్కాంత ద్రవం చుక్క చుక్కగా వేశారు. చుక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అంచు వైపు జరిగాయి. చుక్కలు నిదానంగా పడితే కొత్తది పాతదానికి ఎదురుగా పోయింది, వేగం పెంచేకొద్దీ కోణం మారుతూ 137.5 దగ్గర కుదురుకుంది. కొత్తగా వచ్చినది ఖాళీ ఎక్కువ ఉన్న చోటికి పోతుంది, అంతే సంగతి. బస్సు ఎక్కినవాడు చేసేదీ అదే కదా.

గింజలను బొమ్మ గీయడానికి ఫోగెల్ అనే శాస్త్రజ్ఞుడు 1979లో ఇచ్చిన సూత్రం కూడా చిన్నదే: ఎన్నో గింజైతే అన్నిసార్లు 137.5 డిగ్రీలు తిరుగు, ఆ సంఖ్య వర్గమూలానికి తగ్గట్టు మధ్య నుంచి దూరం జరుగు. అప్పుడు ప్రతి గింజకూ సమానంగా చోటు వస్తుంది.

ఇక అద్దాల సంగతి. స్పెయిన్‌లో సెవీల్ దగ్గర 2007లో మొదలైన పీఎస్10 కేంద్రంలో 115 మీటర్ల టవర్ ఉంది, దాని ముందు నేల మీద 624 అద్దాలు, ఒక్కోటి 120 చదరపు మీటర్లు. అద్దాలన్నీ ఎండను టవర్ పైకి కొడితే అక్కడ నీళ్లు ఆవిరై టర్బైన్ తిరుగుతుంది, 11 మెగావాట్లు. అద్దాలను టవర్ చుట్టూ వంపు వరసల్లో, గోడలో ఇటుకల్లాగా ముందు వరస సందుకు ఎదురుగా వెనక వరస అద్దం వచ్చేలా పెట్టారు. అయినా ఒకదాని నీడ ఇంకోదాని మీద పడటం, వెనకదాని వెలుగుకి ముందుది అడ్డు రావడం పూర్తిగా పోలేదు. అమెరికాలోని ఎంఐటీ, జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు నూన్, టొరిల్హోన్, మిట్సోస్ ఈ అమరికను కంప్యూటర్‌లో మెరుగుపరుస్తూ పోతే వరసలు కాస్తా సుడి తిరగడం మొదలైంది. అప్పుడు పొద్దుతిరుగుడు సూత్రాన్నే పెట్టి చూశారు, కానీ ఒక మార్పుతో. గింజలకు చోటు సమానంగా ఉంటే చాలు, అద్దాలకు అది చాలదు, టవర్‌కు దూరమయ్యేకొద్దీ వెలుగు వాలుగా పోతుంది కాబట్టి సందు పెరగాలి. అందుకని వర్గమూలం తీసేసి, అంటే 0.5 ఘాతం బదులు, 0.65 ప్రాంతంలో పెట్టారు. అద్దాల పనితనం కొద్దిగా పెరిగింది, అరశాతం కూడా లేదు, స్థలం మాత్రం 15.8 శాతం తగ్గింది. ఇదంతా లెక్కలో వచ్చిన ఫలితం, అద్దాలు పీకి మళ్లీ పాతి చూసింది కాదు.

ప్రకృతి పేరు చెబితే మనం ఎంత తొందరగా పడిపోతామో దీనికి కొంచెం ముందే తెలిసింది. 2011లో అమెరికాలో 13 ఏళ్ల కుర్రాడు సోలార్ పలకలను చెట్టు ఆకుల్లా కొమ్మల మీద పెట్టి, మామూలు వరస కంటే ఎక్కువ కరెంటు వస్తోందన్నాడు. బహుమతి ఇచ్చారు, పేపర్లన్నీ రాశాయి. తీరా చూస్తే వాడు కొలిచింది వోల్టేజీ, వచ్చిన విద్యుత్ కాదు. పిల్లవాడిని తప్పుపట్టడానికి ఏమీ లేదు, కుతూహలం కొద్దీ చేశాడు, హెడ్డింగులు పెట్టిన పెద్దవాళ్లనే అనాలి.

మన దగ్గరికొస్తే ఓర్వకల్లులో ఉన్నవి అద్దాలు కావు, ఎండను నేరుగా కరెంటు చేసే పలకలు. వాటికి టవర్ లేదు, మధ్య బిందువు లేదు, తిన్నగా వరసల్లో దక్షిణం వైపు చూస్తే సరిపోతుంది, సుడి తిప్పితే మధ్యలో కేబుళ్లకీ, కడిగేవాళ్లకీ ఇబ్బంది తప్ప లాభం లేదు. 2014లో అనంతపురం జిల్లాలో వచ్చిన 50 మెగావాట్ల మేఘా కేంద్రం ఎండ వేడితోనే నడిచే రకం, అందులో అద్దాలూ ఉన్నాయి, కానీ అవి పొడుగాటి తొట్ల లాంటివి, ప్రతి తొట్టికీ దాని గొట్టం దానికే, కాబట్టి అక్కడా ఈ లెక్క అక్కర్లేదు. పొద్దుతిరుగుడుకు పని ఉన్నది టవర్ దగ్గరే. ఈ పదేళ్లలో పలకల ధర పడిపోయి టవర్లు వెనకబడ్డాయి. అయినా మొరాకోలోనూ చైనాలోనూ 2018లో పెద్ద టవర్లు లేచాయి, కారణం స్థలం కాదు, కరిగిన ఉప్పులో వేడి దాచుకుని పొద్దుగూకాక కూడా కరెంటు ఇస్తాయి. ఆ పని ఇప్పుడు పలకలూ బ్యాటరీలూ కలిసి చేయడానికి చూస్తున్నాయి, ధరల పోటీ అక్కడ నడుస్తోంది.