పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే కదా? పిల్లల పళ్ళపై క్లినిక్‌లో వినే మాటలు

చిగురు చీల్చుకుని బయటికొచ్చిన రోజే పన్ను పుట్టిందనుకుంటాం. కానీ పాలపళ్ళ పని తల్లి కడుపులో ఆరో వారానికే మొదలవుతుంది, నాలుగో నెలలో అవి గట్టిపడుతుంటాయి. నోట్లో కనిపించేసరికి పైనున్న గట్టి పొర, అంటే ఎనామిల్, తయారీ అయిపోయి ఉంటుంది. పిల్లల దంతవైద్యురాలిగా నేను తల్లిదండ్రులకు ముందు చెప్పేది ఇదే.

అపోహ: పళ్ళొస్తుంటే జ్వరం, విరేచనాలు మామూలే.

చొంగ, చిగుళ్ళ దురద, చిరాకు, ఒళ్ళు కాస్త వెచ్చబడటం, అంతవరకే పన్ను పని. 100.4 డిగ్రీలు దాటిన జ్వరానికి, నీళ్ళ విరేచనాలకు కారణం వేరే ఉంటుంది. ఆరో నెల తర్వాత తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి తగ్గుతుంది. బిడ్డ దొరికిందల్లా నోట్లో పెట్టుకునేదీ అప్పుడే, మొదటి పన్ను వచ్చేదీ అప్పుడే. దాంతో నింద పన్ను మీద పడుతుంది. 'పళ్ళ విరేచనాలే' అని ఊరుకోకండి, ఓఆర్ఎస్ పట్టిస్తూ డాక్టరుకు చూపించండి. చిగుళ్ళకు బెంజోకైన్ ఉన్న మత్తు జెల్ రాయొద్దు. అది రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీయగలదు. రెండేళ్ళలోపు పిల్లలకు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. నమలడానికి చల్లటి తడిగుడ్డ ఇస్తే చాలు.

అపోహ: పైపళ్ళు ముందొస్తే మేనమామకు గండం.

పుట్టినరోజుకు గొలుసు చేయించాల్సి రావడం తప్ప ఆయనకు వేరే గండమేమీ లేదు.

అపోహ: ఏడాదైనా పన్ను రాలేదంటే కాల్షియం టానిక్ పట్టాలి.

కొందరికి ఆలస్యంగా రావడం ఇంటి వరస. టానిక్‌తో తొందరపడదు. ఏడాదిన్నరకూ ఒక్కటీ రాకపోతే మాత్రం చూపించండి.

అపోహ: పాలపళ్ళు పుచ్చినా ఫర్వాలేదు, ఊడిపోయేవేగా.

నాకు ఎక్కువ బాధ కలిగించే మాట ఇది. పాల దవడ పళ్ళు పదీ పన్నెండేళ్ళ దాకా ఉండాలి. కిందనున్న పన్నుకు చోటు కాపాడేవి అవే. ముందే పీకించేస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరిగి, రావాల్సిన పన్ను వంకరగా వస్తుంది, లేదా ఎముకలోనే ఇరుక్కుంటుంది. ఇంకో సంగతి: ఆరేళ్ళప్పుడు చివరి పాల దవడ పన్ను వెనక కొత్త పన్ను వస్తుంది. ఏదీ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది దాన్నీ పాలపన్నే అనుకుని వదిలేస్తారు. అది శాశ్వత దంతం, పోతే మళ్ళీ రాదు. దాని మీది లోతైన గాడుల్లో తిండి ఇరుక్కుని త్వరగా పుచ్చుతుంది. వచ్చిన కొత్తలోనే ఆ గాడుల్ని మూసే పూత, సీలెంట్, వేయించడం మంచిది.

అపోహ: కింద రెండు వరసలొచ్చాయి, వెంటనే పీకించాలి.

పాలపన్ను కదులుతుంటే కొన్ని వారాలు ఆగండి. అది ఊడాక వెనక వచ్చిన కొత్త పన్ను నాలుక తోపుకు చాలావరకు ముందుకు జరుగుతుంది. అస్సలు కదలకపోతే రండి.

అపోహ: పళ్ళ మీద మచ్చలు సరిగ్గా తోమకే.

నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళ పిల్లల్ని ఈ మాటతో తిట్టడం అన్యాయం. శాశ్వత ముందుపళ్ళ ఎనామిల్ బిడ్డ పుట్టిన తొలి ఏళ్ళలో దవడ లోపలే తయారవుతుంది. అప్పుడు తాగిన నీళ్ళ ప్రభావం ఏడో ఏట పన్ను బయటికొచ్చాక కనిపిస్తుంది. ఎంత తోమినా పోదు. ఇంట్లో ఎనిమిదేళ్ళలోపు పిల్లలుంటే బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది.