రంగు కాంక్రీటు, అపోహలు - వాస్తవాలు: నీళ్లు చేసే చేటుకు పొడి మీద నింద

పూలకుండీలు, టైల్సు, బల్లపలకలు వంటి చిన్న వస్తువులను రంగు కాంక్రీటుతో పోత పోసేవారు నా దగ్గరకు తెచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒకే మాటతో మొదలవుతాయి: రంగు పాలిపోయింది, కలిపిన రంగు పొడి నాసిరకమైనదై ఉండాలి. ఆ అనుమానంతో పొడి మారుస్తారు, మోతాదు రెట్టింపు చేస్తారు, మరింత ఖరీదైన డబ్బా కొంటారు. అయినా తర్వాతి పలక కూడా అంతే పాలిపోయి అచ్చులోంచి బయటికి వస్తుంది.

అపోహ: రంగు ముదరాలంటే పొడి ఎక్కువ వేయాలి.

వాస్తవం: ఐరన్ ఆక్సైడ్ పొడులు సాధారణంగా సిమెంటు బరువులో 5 శాతం దగ్గరే చాలావరకు తమ రంగును చూపిస్తాయి, ఆపై ఎంత పోసినా తేడా కంటికి ఆనదు. అమెరికా ప్రమాణమైన ఏఎస్‌టీఎం సీ979 ప్రకారం 10 శాతం దాటకూడదు. పైగా ఈ పొడి సిమెంటు కన్నా ఎంతో మెత్తనిది కనుక నీళ్లు పీల్చుకుంటుంది, సూదుల్లాంటి రేణువులుండే పసుపు పొడి ఎరుపు కన్నా ఎక్కువగా పీలుస్తుంది. మాలు (కలిపిన తడి మిశ్రమం) గట్టిపడుతుంది, చేయి నీళ్ల చెంబు మీదికి పోతుంది, అసలు నష్టం అక్కడ మొదలవుతుంది.

ఆ మధ్య ఒక యువకుడు ఒకే మాలుతో పోసిన రెండు ఎర్ర పలకలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఒకటి ఇటుక ఎరుపు, రెండోది వెలిసిపోయిన గులాబి. రెండో దాని పైపొరను గోటితో గీస్తే పొడి రాలింది. మొదటి పలక పోశాక మిగిలిన మాలు బిగుస్తుంటే ఒక్క గ్లాసు నీళ్లు పోశానని, అంతకు మించి ఏమీ చేయలేదని చెప్పాడు. లెక్క వేసి చూపించాను. మిగిలిన మాలులో సిమెంటు కిలో, నీళ్లు 400 మిల్లీలీటర్లు, అంటే సిమెంటు బరువుకు నీటి నిష్పత్తి 0.40. గ్లాసుడు నీళ్లు సుమారు 200 మిల్లీలీటర్లు కనుక అది ఒక్కసారిగా 0.60కి చేరింది. సిమెంటుకు అక్కరలేని నీరు ఆరిపోయాక సన్నని రంధ్రాలు మిగులుతాయి, వాటిమీద పడిన వెలుతురు చెదిరి రంగు తెల్లబారినట్లు కనిపిస్తుంది. ఆ దారుల్లోనే సిమెంటు విడుదల చేసే సున్నం పైకి వచ్చి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి తెల్లపూతగా పేరుకుంటుంది. డబ్బు నష్టపోయి కంగారుగా వచ్చిన మనిషి కనుక కోప్పడలేదు. గ్లాసు నీళ్లతో ఏమవుతుందిలే అని అతనికి నేర్పినవారి మీద మాత్రం కోపం వచ్చింది.

అపోహ: ప్లాస్టిసైజర్ అనే కెమికల్ రంగును చెడగొడుతుంది.

వాస్తవం: నీళ్లు పెంచకుండా మాలును జారుగా చేసేది అదే, పొడి ఉండలను విడదీసి రంగు సమంగా పరుచుకోవడానికి తోడ్పడేదీ అదే. మోతాదు తయారీదారు పత్రంలో ఉంటుంది, దాన్ని తూకం వేసి కలపాలి. వేయగానే పనిచేయలేదని నీళ్లు పోయవద్దు. పాలీకార్బాక్సిలేట్ రకం ప్లాస్టిసైజర్లు పూర్తిగా పనిచేయడానికి కొన్ని నిమిషాలు కలపాలి. మోతాదు మించితే ఇసుక అడుక్కు దిగి నీరు పైకి తేలుతుంది, గట్టిపడటమూ ఆలస్యమవుతుంది.

అపోహ: తెల్ల సిమెంటు బలహీనమైనది.

వాస్తవం: అదీ పోర్ట్‌ల్యాండ్ సిమెంటే, బూడిద రంగునిచ్చే ఇనుము, మాంగనీస్ తక్కువగా ఉండే ముడిసరుకుతో చేస్తారు. గోడలకు పూసే పుట్టీని తెల్ల సిమెంటనుకొని పోత పోసి విరిగిందనేవారి సంగతి వేరు. పసుపు, నీలం, లేత రంగులకు తెల్ల సిమెంటు కావాలి. నలుపుకు వాడటం దండగ.

అపోహ: ప్రత్యేక సిమెంటు ఏదైనా మామూలు దానికన్నా మేలు.

వాస్తవం: కాల్షియం సల్ఫోఅల్యూమినేట్ సిమెంటు త్వరగా గట్టిపడుతుంది, సున్నం పెద్దగా విడుదల చేయదు కనుక తెల్లపూత తక్కువ, కానీ పని చేసుకునే వ్యవధి తక్కువ, సిట్రిక్ ఆమ్లం వంటి రిటార్డర్ (గట్టిపడటాన్ని ఆలస్యం చేసే పదార్థం) లేకపోతే మాలు గిన్నెలోనే బిగుస్తుంది. హై అల్యూమినా సిమెంటు కాలక్రమంలో, ముఖ్యంగా వేడి, తేమ ఉన్నచోట, బలం కోల్పోతుంది. 1973, 1974లలో బ్రిటన్‌లో దానితో కట్టిన పాఠశాల భవనాల పైకప్పులు కూలాయి. దాన్ని మామూలు సిమెంటుతో తోచిన పాళ్లలో కలిపితే క్షణాల్లో గట్టిపడవచ్చు.

మిగతావి క్లుప్తంగా. తెల్లపూత అంటే రంగు వెలిసిపోవడం కాదు. సిమెంటులో 10 శాతం మేర మెటాకయోలిన్ (కాల్చిన తెల్ల బంకమట్టి పొడి) వేస్తే అది సున్నాన్ని పట్టుకొని పూతను తగ్గిస్తుంది, లేత రంగుదే కనుక పలక మసకబారదు, కాకపోతే ప్లాస్టిసైజర్ కొంచెం పెంచాలి. ఇలాగే సిమెంటులో కలిపే అతి మెత్తని సిలికా పొడి, మామూలు సిలికా ఫ్యూమ్ మాత్రం బూడిద రంగు తెస్తుంది. త్వరగా గట్టిపడాలని కాల్షియం క్లోరైడ్ వేస్తే మచ్చలు పడతాయి, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. చెక్క అతికించే తెల్ల జిగురు తడిస్తే మళ్లీ మెత్తబడుతుంది కాబట్టి బయట ఉంచే వస్తువుల్లో పనికిరాదు. క్యూరింగ్ కోసం, అంటే తేమ ఆరకుండా ఉంచి గట్టిపడనివ్వడానికి, కప్పే ప్లాస్టిక్ షీటు అక్కడక్కడా పలకకు అంటుకుంటే ఆ మేరకు ముదురు మరకలు మిగులుతాయి. షీటును పుల్లలమీద ఎత్తి కప్పి, అంచులు మూసి, రంగు బాగుందో లేదో పలక పూర్తిగా ఆరాకే తేల్చుకోండి.