రెండు తీగవాద్యాలు, ఒక ప్రయోగ కచేరీ: అపోహలు - వాస్తవాలు

వయోలిన్, దానికంటే పెద్దదై మంద్రంగా మోగే చెల్లో జంటగా జానపద వేదిక మీద ఉచిత ప్రయోగ కచేరీ చేయాలనుకునేవారికి ఈ మాటలు.

అపోహ: ప్రయోగమంటే చేతికొచ్చినట్టు వాయించడమే.

వాస్తవం: గరగరమనే ధ్వనికీ కొలత ఉంది. కమానును బ్రిడ్జి (తీగలను ఎత్తి పట్టే చెక్క) దగ్గరికి జరిపితే పై హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటు మోగే సన్నని పై స్వరాలు) తేలి ధ్వని పదునెక్కుతుంది. ఫింగర్‌బోర్డు (వేళ్లతో తీగలు నొక్కే పలక) మీదికి తెస్తే మెత్తబడుతుంది. బ్రిడ్జి దగ్గర నెమ్మదిగా, బరువు వేసి లాగాలి. వేగం పెరిగి బరువు తగ్గితే అసలు స్వరం పోయి ఈల మిగులుతుంది. ఆ ఈలే కావాలనుకుంటే, రెండోసారి కూడా అదే చోట తేగలగాలి.

అపోహ: తీగల శ్రుతి మార్చడం జానపదానికి పరాయి.

వాస్తవం: అమెరికాలోని అపలాచియన్ కొండల ఫిడిల్ (జానపద వయోలిన్) కళాకారులు నాలుగు తీగలకు ఎ-ఇ-ఎ-ఇ శ్రుతిని ఎంతోకాలంగా వాడుతున్నారు. నార్వే హార్డాంగర్ ఫిడిల్‌లో కేవలం అనునాదం కోసమే అడుగున 4 లేదా 5 తీగలుంటాయి. జానపద వేదిక మీద ఇలాంటి ప్రయోగం సొంతింట్లో ఉన్నట్టే.

కష్టం వాద్యానికే. మామూలుగా జి-డి-ఎ-ఇ శ్రుతిలో ఉండే వయోలిన్‌ను ఎ-ఇ-ఎ-ఇకి తేవాలంటే జి, డి తీగలను ఒక్కో పూర్తి స్వరం పెంచాలి. అప్పుడు వాటి బిగువు సుమారు 26 శాతం పెరుగుతుంది. బిగించేకొద్దీ బ్రిడ్జి పైఅంచు ఫింగర్‌బోర్డు వైపు వాలుతుంది, చూసుకోకపోతే వంగిపోతుంది. ఒక తీగ బిగిస్తే మిగతావి దిగుతాయి కాబట్టి నాలుగింటినీ 2-3 సార్లు తిరిగి సరిచూడాలి. ఈ పని ముందురోజే చేసి పెట్టుకుంటే మంచిది. కచేరీ మధ్యలో మార్చక తప్పదంటే తీగలు దించే మార్పునే ఎంచుకోండి.

అపోహ: ఇద్దరూ ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) చూసుకుంటే శ్రుతి కలిసినట్టే.

వాస్తవం: వయోలిన్, చెల్లో జోడీలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. చెల్లో సి తీగ మీద వయోలిన్ ఖాళీ ఇ తీగను నిలిపి వాయించి చూడండి. రెండూ ట్యూనర్ ప్రకారం ఉంటే ఆ ఇ స్వరం శుద్ధమైన దానికంటే సుమారు 14 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) ఎక్కువ. సి-జి-డి-ఎ-ఇ పంచమాలను చెవితో శుద్ధంగా కలిపితే తేడా ఇంకా పెరిగి 22 సెంట్లకు చేరుతుంది. అంటే పంచమాలన్నీ సరిగ్గా ఉన్నందుకే ఇక్కడ అపశ్రుతి. దీర్ఘంగా నిలిపే భాగమైతే, రెండు స్వరాలు కలవక ధ్వనిలో వినిపించే అలలు ఆగేదాకా ఇ తీగను కొంచెం దించండి. ఎ-ఇ పంచమం ఇరుకవుతుంది, కాబట్టి ఆ భాగంలో ఆ రెండు తీగలనూ కలిపి మోగించకుండా కూర్పు చేసుకోవాలి.

అపోహ: పికప్‌ను ఏ మిక్సర్ సాకెట్‌లో పెట్టినా ఒకటే.

వాస్తవం: పీజో పికప్‌కు (వాద్యం కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) 1 మెగాఓమ్ లేదా అంతకు మించిన నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి. 10 కిలోఓమ్‌ల లైన్ సాకెట్‌కు నేరుగా కలిపితే మంద్రం పోయి రేకు శబ్దం మిగులుతుంది. మధ్యలో ప్రీయాంప్ (సంకేతాన్ని మిక్సర్‌కు తగ్గట్టు మార్చే చిన్న పరికరం) పెట్టాలి. మైకులైతే వాద్యానికి 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, రెండు మైకుల మధ్య కనీసం 90 సెంటీమీటర్లు ఉంచండి.

అపోహ: ఉచిత ప్రవేశం కాబట్టి ఏ బాణీనైనా వాడుకోవచ్చు, ఏ వరసలోనైనా వాయించవచ్చు.

వాస్తవం: పాత బాణీ అందరిదైనా, దానికి ఒకరు చేసిన కొత్త కూర్పు వారిదే. ముందే అనుమతి అడగాలి. ఇక వరస సంగతి: టికెట్ లేని చోట శ్రోతలు మధ్యలో వస్తూ పోతూ ఉంటారు. అతి సన్నని హార్మోనిక్స్ భాగాన్ని మొదట పెడితే కుర్చీల చప్పుడులో కలిసిపోతుంది. దాన్ని మూడో అంశానికి జరపండి.