"సొరంగం ఎక్కడ సార్?": పాతబస్తీ నడకలో అపోహలు, వాస్తవాలు

ఆదివారం పొద్దున్నే ఆరున్నరకి చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్ దగ్గర కలుస్తాం. షట్టర్లు లేవకముందు, బళ్లు రాకముందు అయితేనే నాలుగు కమాన్లనీ ఒకేచోట నిలబడి చూడొచ్చు. నడకకి "రహస్య హైదరాబాద్" అని పేరు పెట్టిన పాపానికి, వచ్చేవాళ్లలో సగంమంది దెయ్యాల కోసం, సగంమంది నిధుల కోసం వస్తారు. ఇరానీ చాయ్ పూర్తయ్యేలోపే మొదటి ప్రశ్న పడుతుంది.

అపోహ: చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉంది

చూసినవాళ్లు ఎవరూ దొరకరు. చూసినవాళ్లని చూసినవాళ్లు మాత్రం ప్రతి బ్యాచ్‌లో ఇద్దరుంటారు. నేను వాదించను, ఫోన్‌లో మ్యాప్ తీస్తాను. గోల్కొండ మూసీకి ఆ ఒడ్డున, చార్మినార్ ఈ ఒడ్డున. మధ్య దూరం దాదాపు 8 కిలోమీటర్లు. అంత దూరం గ్రానైట్ రాయిని తొలుచుకుంటూ, నది కింద నుంచి రావాలి. కుతుబ్‌షాహీలు ఆ రెండు ఒడ్లనీ కలపడానికి కట్టింది 1578లో పురానాపూల్. 22 కమాన్ల రాతి వంతెన, అందరికీ కనిపించేలా పట్టపగలే నిలబడి ఉంది. కోటల్లో దొంగదారులు ఉండవని కాదు, ఈ దారి మాత్రం లేదు.

అపోహ: పడమటి కమాన్‌కి "షేర్ కమాన్" అనే పేరు సింహం వల్ల వచ్చింది

ఈ అపోహని రెండేళ్లపాటు ప్రచారం చేసింది నేనే, ఒప్పుకోవాలి. అందరూ దాన్ని "షేర్ కమాన్" అంటారు. పక్కనే మిట్టీ కా షేర్ వీధి. ఇంకేముంది, షేర్ అంటే సింహం, ఒకప్పుడు ఇక్కడ సింహం బొమ్మ ఉండేది అని ధీమాగా చెప్పేసేవాణ్ని. ఒకరోజు వెండి పట్టీల షాపు తెరుస్తున్న పెద్దాయన తాళం చేతిలో పట్టుకునే ఆగి విన్నారు. నా ఉపన్యాసం అయ్యాక మెల్లగా "షేర్ నహీ బేటా, సెహర్" అన్నారు. గుంపు ముందే పరువు పోయింది.

సెహర్ అంటే మంత్రం, చేతబడి. కమాన్ అసలు పేరు సెహర్-ఎ-బాతిల్. చేతబడిని పనిచేయకుండా చేసేది అని అర్థం. అప్పట్లో ఈ ద్వారం దాటితే కుతుబ్‌షాహీ రాజభవనాలు. ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చి సుల్తాన్ మహమ్మద్ కులీ దగ్గర పేష్వా (ప్రధానమంత్రి) అయిన మీర్ మొమిన్, లోపలికి వెళ్లేవాళ్ల మీద ఏ ప్రయోగం ఉన్నా ఇక్కడే విరిగిపోవాలని ఖురాన్ వాక్యాలు చెక్కిన రాతి స్తంభం పెట్టించాడని చెబుతారు. మన భాషలో చెప్పాలంటే ఏకంగా రాజభవనానికే తాయెత్తు కట్టాడు. ఆ రాయి కోసం నేనూ వెతికాను, దొరకలేదు. భవనాలూ లేవు. కరెంటు తీగలు, పావురాలు, పాన్ మరకల మధ్య కమాన్ మిగిలింది. పేరులోని మంత్రం జనం నోళ్లలో నాని సింహమైపోయింది. నాకైతే ఏ సొరంగం కన్నా ఇదే పెద్ద రహస్యం.

అపోహ: గోషామహల్ బారాదరిలో క్షుద్రపూజలు చేస్తారు

అది ఫ్రీమేసన్ల లాడ్జి, అంటే సభ్యులకే ప్రవేశం ఉండే ఒక సంఘం సమావేశాలు జరుపుకునే మందిరం. మన దేశంలో చాలా ఊళ్లలో లాడ్జీలని జాదూఘర్ అనో భూత్ బంగ్లా అనో పిలుస్తారు. తలుపులు మూసుకుని ఏదో చేస్తారంటే ఊరుకి అనుమానం రాకుండా ఉంటుందా? ఇటుకా రాయీ పేర్చే మేస్త్రీల పనిముట్లే వాళ్ల గుర్తులు: కంపాస్, మూలమట్టం. సభ్యులకు వేషాలు, సంకేతాలు, ప్రమాణాలు ఉన్నమాట నిజమే. రక్తం, పుర్రెలతో పూజలు మాత్రం మనం కల్పించుకున్నవి. భవనం వాళ్లు కట్టింది కాదు, గోల్కొండ చివరి సుల్తాన్ తానీషా కాలం నాటిది. అవును, మన రామదాసు కథలోని తానీషాయే. పేరులో ఉన్నది కూడా భూతం కాదు, గోషా. అంతఃపుర స్త్రీల పరదా.

అపోహ: మూసారాంబాగ్ పేరు మూసీ నది నుంచి వచ్చింది

కాదు. మొసియో (ఫ్రెంచిలో "శ్రీ" లాంటిది) రేమాండ్ నుంచి. రెండో నిజాం దగ్గర సైన్యాన్ని నడిపిన ఫ్రెంచివాడు, 1798లో చనిపోయాడు. ముస్లిం సిపాయిలకి మూసా రహీమ్, హిందువులకి మూసా రామ్. గుట్ట మీద ఆయన సమాధి ఉంది. మా నడక అంతదూరం వెళ్లదు, ఎవరికైనా ఓపిక ఉంటే ఆటో మాట్లాడుకోవచ్చు.

అపోహ: మహబూబ్ పాషా పాముకాటు మంత్రం వాట్సాప్ కథ

మంత్రానికి పాము విషం విరుగుతుందని నేను చెప్పను. కాటేస్తే ఆస్పత్రికే వెళ్లాలి. కానీ ఆ నమ్మకం వాట్సాప్‌లో పుట్టింది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869–1911) పేరు తలుచుకుంటే విషం దిగుతుందని ఆయన బతికుండగానే జనం నమ్మారు. పాము కరిచినవాళ్లు ఏ వేళ వచ్చినా తనని నిద్ర లేపమని ఆయన చెప్పి ఉంచాడంటారు. చాలా పాములకి అసలు విషమే ఉండదు కాబట్టి బతికినవాళ్లు ఎక్కువ, వాళ్లు చెప్పుకున్న కథలూ ఎక్కువ. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు నదిని శాంతించమని పూజ చేసింది కూడా ఈయనే అని చెప్పుకుంటారు.

అందుకే నడకని నయాపూల్ దాటించి, ఉస్మానియా ఆస్పత్రి వెనక చింతచెట్టు దగ్గర ఆపుతాను. ఆ వరదలో దాదాపు 150 మంది ఈ కొమ్మలు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. మొదలు ముడతలు పడి, ఒంటి నిండా బుడిపెలతో ఉంటుంది. పిల్లలు వద్దన్నా ఎక్కబోతారు. మొన్నొకావిడ కొంగు సర్దుకుని, కాస్త దూరంగానే నిలబడి అడిగింది: "చింతచెట్టు కదండీ, దెయ్యం ఉందా?"

"ఉంటే ఆ రోజు దానికి కొమ్మ దొరికి ఉండదమ్మా" అన్నాను.