కాకాపోకి కడుపునిండా తిండి పెడితే చాలా? అపోహలు - వాస్తవాలు

పక్షుల సంరక్షణ పనిలో ఉన్నాను కాబట్టి న్యూజిలాండ్ కాకాపో గురించి నన్ను చాలామంది అడుగుతుంటారు. ఎగరలేని, రాత్రిపూట తిరిగే ఈ చిలుకలు 1995లో 51 మాత్రమే మిగిలాయి.

అపోహ: అది మొద్దు పక్షి. పారిపోవడం కూడా చేతకాక అంతరించిపోతోంది.

ఈ మాట వింటే బాధేస్తుంది. ఒకప్పుడు అక్కడ దాన్ని వేటాడినవి కంటితో వెతికే పెద్ద పక్షులే. నాచురంగు ఈకలతో కదలకుండా ఉండిపోతే వాటికి కనబడేది కాదు. మనుషులతో వచ్చిన పిల్లులు, ఎలుకలు, ముంగిసలా సన్నగా ఉండే స్టోట్‌లు మాత్రం వాసన పట్టి వస్తాయి. కాకాపో ఒంటికేమో తియ్యగా, గాఢంగా ఒక వాసన ఉంటుంది. కదలకుండా కూర్చుంటే ఇక దొరికిపోయినట్టే.

అపోహ: తిండి బాగా పెడితే పిల్లలు బోలెడు పుడతాయి.

అందరూ నమ్మేది ఇదే. మొదట్లో నిపుణులూ ఇలాగే ఆశించారు. రిము అనే అక్కడి అడవి చెట్లు విరగకాసినప్పుడే కాకాపో గుడ్లు పెడుతుంది. అలాంటి కాపు రెండు నుంచి నాలుగేళ్లకు ఒకసారి వస్తుంది. అందుకని అదనపు ఆహారం పెట్టారు. తీరా చూస్తే బాగా బలిసిన తల్లులకు ఎక్కువగా మగపిల్లలే పుట్టాయి. అసలే ఆడవి తక్కువున్న జాతి ఇది! తర్వాత ఒకటిన్నర కిలోల లోపు బరువున్న ఆడపక్షులకే ఆ తిండి పెట్టారు, ఆడ-మగ నిష్పత్తి దాదాపు సమానమైంది. అంటే ఎవరికి పెట్టకూడదో తెలియడమూ పనిలో భాగమే. అందుకే తరచూ తూకం వేస్తారు. ఎక్కడుందో కనిపెట్టడానికి పక్షుల వీపుకి ట్రాన్స్‌మిటర్ (రేడియో సంకేతాలు పంపే చిన్న పరికరం) కడతారు.

అపోహ: జూలో పెంచితే సరిపోతుంది.

ఒక్క కాకాపో కూడా జూలో లేదు. అవసరమైతే గుడ్లను ఇంక్యుబేటర్‌లో పొదిగిస్తారు, జబ్బు పడిన పిల్లలకు వైద్యం చేస్తారు. పక్షులు మాత్రం వాటిని వేటాడే జంతువులు లేని దీవుల్లో స్వేచ్ఛగానే బతుకుతాయి.

అపోహ: 2022లో 250 దాటాయి కాబట్టి ఇక టెన్షన్ లేదు.

సంఖ్య పెరిగినా అవన్నీ ఒకదానికొకటి దగ్గరి చుట్టాలే, అందుకే చాలా గుడ్ల నుంచి పిల్లలు రావు. 2019లో శిలీంధ్ర జబ్బు సోకి తొమ్మిది పక్షులు చనిపోయాయి. దీవుల్లో చోటు కూడా చాలడం లేదు. 2023లో కొన్నింటిని న్యూజిలాండ్ ప్రధాన భూభాగంలోని మౌంగటౌటరీ కొండ మీద కంచె వేసిన అడవిలో వదిలితే, చెట్లెక్కి కంచె దాటేసినవీ ఉన్నాయి. ఇప్పుడు అందరి చూపూ న్యూజిలాండ్ దక్షిణాన ఉన్న పెద్ద దీవి స్టీవర్ట్ మీదే ఉంది. ముందు అక్కడి పిల్లుల్ని, ఎలుకల్ని లేకుండా చేయాలి.