నెత్తుట్లో తవుడు

మిర్యాలగూడ రైస్ మిల్లుల పక్కన కాసేపు బండి ఆపితే చాలు, చొక్కా మీద సన్నటి పొడి వాలుతుంది. వడ్లు బియ్యమయ్యే చోట ఊక, తవుడు, దుమ్ము తప్పవు. మన నెత్తుట్లోనూ అలాంటి పొడి ఒకటుంది. గడ్డకట్టడానికి తోడ్పడే చిన్న కణాలైన ప్లేట్‌లెట్లను తీసేసిన ప్లాస్మాను, అంటే రక్తంలోని ద్రవాన్ని, పీటర్ వుల్ఫ్ అనే పరిశోధకుడు ఇంకా చాలా వేగంగా తిప్పి చూస్తే, అడుగున చేరిన నలుసులు రక్తాన్ని గడ్డకట్టించాయి. 1967లో ఆయన దానికి పెట్టిన పేరు 'ప్లేట్‌లెట్ ధూళి'. ఇప్పుడు మైక్రోపార్టికల్స్ అంటున్నారు. పెద్దవి కూడా దాదాపు ఒక మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, దాటవు. ఎర్రకణం ఏడెనిమిది మైక్రాన్లుంటుంది.

ఇంత చిన్న నలుసుకు అంత పని ఎలా వచ్చింది? కణం పొరకు లోపలివైపు, బయటివైపు అని రెండు వరుసలుంటాయి. ఫాస్ఫాటిడైల్‌సెరిన్ అనే కొవ్వు మామూలుగా లోపలి వరుసలోనే దాగి ఉంటుంది. పొర ఉబ్బి తెగి నలుసుగా రాలేటప్పుడు అది బయటికి తిరగబడుతుంది. గడ్డకట్టించే ప్రోటీన్లు కాల్షియం సాయంతో దానిమీదే కూర్చుని పని మొదలుపెడతాయి. అట్లని ఈ పొడి ఉత్త చెత్త కాదు. స్కాట్ సిండ్రోమ్ అనే అరుదైన పుట్టు జబ్బులో ఈ తిరగబడటం సరిగా జరగదు. వాళ్లకు దెబ్బ తగిలితే రక్తం ఒక పట్టాన ఆగదు.

చిక్కల్లా మిల్లు ఆగకుండా తిరిగినప్పుడే. ఎర్రకణాలు మితిమీరే పాలిసైథీమియా వెరా, ప్లేట్‌లెట్లు మితిమీరే ఎసెన్షియల్ థ్రాంబోసైథీమియా ఏళ్లతరబడి సాగే రక్త క్యాన్సర్లు. చాలామందిలో మూలం జాక్2 జన్యువులో మార్పు; 2005లో బయటపడింది. మూలుగ లెక్కలేకుండా కణాల్ని పుట్టిస్తుంది. పొడీ పెరుగుతుంది, నాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పూ పెరుగుతుంది. వేడినీళ్లతో స్నానం చేస్తే ఒళ్లంతా దురద, అరికాళ్లలో మంట ఉంటాయి. పాలమూరు ఎండల్లో అయితే 'వేడి చేసింది' అని సబ్జా నీళ్లు తాగి ఊరుకుంటాం, నేనైనా అంతే. కొందరికి కాలు వాచి, లేదా పక్షవాతం వచ్చాకే జబ్బు సంగతి తెలుస్తుంది.

మరి ఈ పొడిని కొలిచి ముప్పు చెప్పేయొచ్చు కదా? ఇంకా కుదరలేదు. కణాల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్ యంత్రానికి బాగా చిన్నవి చిక్కవు, ఒక ల్యాబు లెక్క ఇంకో ల్యాబుతో కలవదు. అందుకే డాక్టర్లు వయసు 60 దాటిందా, ఇంతకుముందు గడ్డ కట్టిందా, జాక్2 మార్పు ఉందా అనే చూస్తారు. పాలిసైథీమియాలో హెమటోక్రిట్‌ను, అంటే రక్తంలో ఎర్రకణాల వాటాను, 45 శాతం లోపు ఉంచుతారు. అవసరమైతే రక్తం తీస్తారు, తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. ఇటలీలో 365 మందిపై జరిగి 2013లో వెలువడిన పరీక్షలో, 45–50 మధ్య వదిలేసిన వాళ్లలో గుండె, రక్తనాళాల మరణాలు, పెద్ద రక్తపు గడ్డలు, 45 లోపు ఉంచిన వాళ్లతో పోలిస్తే దాదాపు నాలుగింతలు కనిపించాయి. నల్లగొండలో ఏ ల్యాబులో సీబీపీ అనే మామూలు రక్తపరీక్ష చేయించినా ఆ అంకె కాగితం మీదే ఉంటుంది, పీసీవీ అన్న వరుసలో.