కారు ఈక్వలైజర్ మీద అపోహలు: ముందు ఆ స్లైడర్లన్నీ సున్నాకి దించండి

"అన్నా, మంచి స్పీకర్లే వేయించా, ఆర్నెల్లకే కాలిపోయాయి" అంటూ నా దగ్గరికి వస్తారు. ఈక్వలైజర్ (పాటలో బేస్, గొంతు, కీచు శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించే సాధనం) చూస్తే 60 హెర్ట్జ్ స్లైడర్ చివరిదాకా పైకి తోసి ఉంటుంది. బేస్ కావాలంటే అది పెంచాలని ఎవరో చెప్పారట. ఎవరు చెప్తారో గానీ, ఆ మాట నమ్మి డబ్బు పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఈక్వలైజర్ పవర్ పుట్టించదండీ. ఒక బ్యాండ్‌ను, అంటే ఒక స్లైడర్ కిందికి వచ్చే శబ్దాలను, 3 డీబీ (డెసిబెల్) పెంచితే అక్కడ ఆంప్ (స్పీకర్లకు పవర్ ఇచ్చే యాంప్లిఫయర్) రెట్టింపు పవర్ ఇవ్వాలి, 12 డీబీ పెంచితే దాదాపు 16 రెట్లు. అంటే 5 వాట్లతో వింటున్న చోట 80 వాట్లు అడుగుతున్నట్టు. డబ్బా మీద 50x4 (నాలుగు చానెళ్లకు 50 వాట్ల చొప్పున) అని రాసి ఉన్నా మామూలు స్టీరియో నికరంగా ఇచ్చేది ఒక్కో చానెల్‌కు 15-20 వాట్లే. ఇక ఇవ్వలేక క్లిప్ అవుతుంది, అంటే శబ్దం తరంగం కొసలు తెగిపోతాయి, స్పీకర్‌లోని తీగచుట్ట (వాయిస్ కాయిల్) వేడెక్కుతుంది, ఒక్కోసారి సన్నటి శబ్దాలిచ్చే చిన్న స్పీకర్ (ట్వీటర్) కూడా పోతుంది.

అన్నీ సున్నాలో పెట్టి, బాగా తెలిసిన పాట వేసి, చెవికి గుచ్చుకునే బ్యాండ్ ఏదో వెతికి దాన్ని 3-4 డీబీ దించండి. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటే 250 హెర్ట్జ్ దగ్గర, కీచుగా ఉంటే 2-4 కిలోహెర్ట్జ్ మధ్య చూడండి. తర్వాత వాల్యూమ్ కాస్త పెంచుకోవచ్చు.

బేస్ అసలే లేదంటే లోపం ఇంకోచోట ఉండొచ్చు. కొత్తగా కారు కొన్న ఒక కుర్రాడు అప్పు చేసైనా సబ్ వూఫర్ వేయిద్దామని టెన్షన్‌గా వచ్చాడు. ఎడమ డోర్ స్పీకర్‌కి ప్లస్, మైనస్ వైర్లు తారుమారయ్యాయి, అంతే. ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతోంది, అలాంటప్పుడు రెండింటికీ ఎంత బేస్ పెంచినా ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మీరే చూసుకోవచ్చు: స్టీరియో నుంచి వైర్లు విడదీసి, 1.5 వోల్టుల సెల్ ప్లస్‌ను స్పీకర్ ప్లస్‌కి, మైనస్‌ను మైనస్‌కి ఒక్క క్షణం తాకిస్తే కోన్ (స్పీకర్‌లో కదిలే గరాటు లాంటి భాగం) బయటికి రావాలి.

31 బ్యాండ్లుంటే మేలా? మైక్ పెట్టి కొలవకుండా చెవితోనే సెట్ చేసుకునేవాళ్లకు 5-7 చాలు. కొలిచి చేయిస్తానంటే ఎడమ కుడి విడివిడిగా, డిలేతో (ఒక్కో స్పీకర్ శబ్దాన్ని కాస్త ఆలస్యం చేయడం) సహా సెట్ చేసుకునే డీఎస్పీ (డిజిటల్ సౌండ్ ప్రాసెసర్) కొనండి. ఫ్రెండ్ సెట్టింగ్ కాపీ చేయడం దండగ, అతని కారు వేరు, స్పీకర్లు వేరు. ఈక్వలైజర్ బ్యాటరీ తినేస్తుందని భయపడకండి, అది తీసుకునే కరెంటు చాలా తక్కువ. ఆంప్‌ను ఆన్, ఆఫ్ చేసే రిమోట్ వైరును నేరుగా బ్యాటరీకి కలిపేసి ఉంటే మాత్రం కారు ఆపినా ఆంప్ ఆగదు, పొద్దున సెల్ఫ్ తీసుకోదు.